ఇంగ్లీషు వాక్యంలో ‘ఓన్లీ’ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు: తేల్చుకునే పద్ధతి

“మాస్టారూ, ఈ ఓన్లీ ఎక్కడెట్టాలండీ?”

విజయనగరంలో సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టిన నాటి నుంచి నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది. డీఎస్సీకి చదువుతున్న అమ్మాయిలు అడుగుతారు, బ్యాంకు పరీక్షలు రాసే కుర్రాళ్లు అడుగుతారు. పలాస నుంచి సరుకు పంపే ఒక వ్యాపారి కూడా బయటి రాష్ట్రానికి ఉత్తరం రాయించుకోడానికి వచ్చి ఇదే అడిగాడు. ఒక్కొక్కరికీ విడిగా చెబుతున్నప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకని మొత్తం ఒకచోట రాస్తున్నాను. పుస్తకం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి.

ఈ చిన్న మాట మీద నాకెందుకింత పట్టింపో ముందు చెప్పాలి. చాలా ఏళ్ల కిందట మా ఊరి ఇంటి విషయంలో అమ్మ తరఫున ఒక కార్యాలయానికి ఇంగ్లీషులో అర్జీ రాశాను. ఇంటి పన్ను అన్నేళ్లూ మా అమ్మే కట్టింది, ఇంకెవరూ కట్టలేదు. నేను చెప్పదలుచుకున్నది అదే. రాసింది మాత్రం “మై మదర్ ఓన్లీ పెయిడ్ ద హౌస్ ట్యాక్స్” అని. అక్కడ కాగితం చూసినాయన, “మీ అమ్మగారు పన్ను కట్టారు, అంతే, మిగతా ఖర్చులేవీ పెట్టలేదని మీరే రాసిచ్చారు కదా” అన్నాడు. ఆయన చదివిన తీరు తప్పు కాదు, ఆ వాక్యం అలా కూడా చదువుకోవచ్చు. మళ్లీ అర్జీ రాసి, ఆవిడను మళ్లీ బస్సెక్కించి తీసుకెళ్లాల్సి వచ్చింది. ‘ఓన్లీ’ని రెండు మాటల ముందుకు జరిపి “ఓన్లీ మై మదర్ పెయిడ్” అని రాసి ఉంటే ఆ తిరుగుడు తప్పేది.

కావలసినవి

- మీరు ఇంగ్లీషులో చెప్పాలనుకున్న మాట, తెలుగులో రాసుకున్నది. ఇది లేకుండా మొదలుపెట్టకండి.
- రెండు రంగుల పెన్నులు.
- చదువుకునేవాళ్ల కోసం వేసిన ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువు ఒకటి. ఫోన్‌లో ఉన్నదైనా చాలు.
- ఫోన్‌లో వాయిస్ రికార్డర్.
- మీరు రాసింది చదివి వినిపించడానికి ఒక మనిషి. వాళ్లకు ఇంగ్లీషు బాగా రావాలనేం లేదు, మీరేం చెప్పాలనుకున్నారో ముందుగా తెలియకపోతే చాలు.

పుట్టుక తెలిస్తే పని తేలిక

సిద్ధాంతం ఎక్కువ చెప్పను. కానీ ఈ ఒక్క సంగతి తెలియకపోతే కింది మెట్లన్నీ బట్టీ పట్టాల్సి వస్తుంది.

పాత ఇంగ్లీషులో ‘ఆన్’ అంటే ఒకటి. ‘లీచ్’ అంటే రూపం, తీరు. ఈ రెండూ కలిసి ‘ఆన్‌లీచ్’ అయింది. ‘ఒక్కటిగా ఉన్నది’ అని అర్థం. అదే అరిగి అరిగి ‘ఓన్లీ’ అయింది. ‘అలోన్’లో ఉన్నదీ ఇదే ‘ఒకటి’, అది ‘ఆల్’, ‘వన్’ కలిసిన మాట. అందులోంచి ‘లోన్’, దానిలోంచి ‘లోన్లీ’ వచ్చాయి. మనకు ‘ఒంటి’లోంచి ‘ఒంటరి’ వచ్చినట్టే.

పిల్లలు ఇక్కడ ఒక మంచి ప్రశ్న వేస్తారు: ‘వన్’ అని పలుకుతున్నప్పుడు ‘వన్లీ’ అనాలి కదా, ‘ఓన్లీ’ ఎందుకంటున్నాం? అసలు పాత పలుకుబడి ‘ఓన్’ అనే. ‘వన్’ అనేది నైరుతి, పశ్చిమ ఇంగ్లండ్‌లో మొదలైన యాస. 16వ శతాబ్దంలో బైబిల్‌ను ఇంగ్లీషులోకి తెచ్చిన విలియం టిండేల్ ఆ ప్రాంతం వాడు, ఈ మాటను డబ్ల్యూతో మొదలుపెట్టి రాశాడు. 18వ శతాబ్దానికి ఆ యాసే అందరి నోటా స్థిరపడింది. ‘ఓన్లీ’, ‘అలోన్’, ‘అటోన్’ (ప్రాయశ్చిత్తం చేసుకోవడం) మాత్రం పాత పలుకును వదల్లేదు. ఒక మూల పల్లె యాస దేశం మొత్తానికి ప్రమాణమైన కథ ఇది. మన ‘బేగి రా’ని వెక్కిరించేవాళ్లకు నేనిది తప్పకుండా చెబుతాను.

గుర్తుపెట్టుకోవలసింది ఇంతే: ఓన్లీ లోపల ‘ఒక్క’ ఉంది.

1. తెలుగు వాక్యంలో ‘ఒక్క’ పెట్టి చూడండి

మనకు చిక్కంతా ‘ఏ’ దగ్గరుంది. నేనే, ఇక్కడే, నిన్ననే, పప్పే. ఈ ‘ఏ’ రెండు పనులు చేస్తుంది. ఒకటి, మిగతావాటిని తీసేయడం: “నాకు పప్పే ఇష్టం”, అంటే ఇంకో కూర వద్దు. రెండోది, ఊరికే నొక్కి చెప్పడం: “నేనిక్కడే ఉన్నాను, వెతక్కండి.” ఈ రెండో వాక్యంలో ఎవర్నీ, దేన్నీ తీసేయడం లేదు. ఇంగ్లీషు ఓన్లీ మొదటి పనే చేస్తుంది. మనం రెండింటికీ దాన్నే వాడేస్తాం. హిందీ వాళ్లు కూడా ‘హీ’ని ఇలాగే ఓన్లీ చేస్తారు కాబట్టి దేశమంతా ఈ వాడుక వినిపిస్తుంది.

పరీక్ష ఇది. మీ వాక్యంలో ‘ఏ’ ఉన్నచోట ‘ఒక్క’ను ఇరికించండి.

“పన్ను అమ్మే కట్టింది.” → “పన్ను అమ్మ ఒక్కతే కట్టింది.” మీరు అనుకున్నది ఇదే కదా? అయితే ఓన్లీ పడుతుంది.

“నేనిక్కడే ఉన్నాను.” → “నేను ఈ ఒక్కచోటే ఉన్నాను.” ఇది మీరు చెప్పాలనుకున్నది కాదు. మనిషి రెండు చోట్ల ఎలాగూ ఉండడు. కాబట్టి ఓన్లీ వద్దు.

“ఈ వాచీ రిపేరు మన గంటస్తంభం దగ్గరే చేస్తారు.” దీనికి రెండు జవాబులూ ఉన్నాయి. ఊళ్లో ఇంకెక్కడా చెయ్యరు అనేది మీ ఉద్దేశమైతే ఓన్లీ. దూరం కాదు, దగ్గర్లోనే అని ధైర్యం చెబుతున్నట్టయితే ఓన్లీ కాదు. ఇక్కడ ఏది అనుకుంటున్నారో మీకే తెలియాలి. వ్యాకరణం చెప్పదు.

ఒక చోట ఈ పరీక్ష పూర్తిగా పనిచేయదు. “నిన్ననే వచ్చాను” అన్నప్పుడు “నిన్న ఒక్కరోజే వచ్చాను” అంటే అర్థం మారిపోతుంది. అయినా ‘ఓన్లీ’ వాడచ్చు. కాకపోతే చోటు మారకూడదు: “ఐ కేమ్ ఓన్లీ ఎస్టర్‌డే.” వచ్చి ఎక్కువ కాలం కాలేదని దీని అర్థం. “ఐ కేమ్ ఎస్టర్‌డే ఓన్లీ” అంటే ఇంగ్లండ్ వాడికి ఆ అర్థం అందదు. కాలం చెప్పే మాటలకు దీన్ని మినహాయింపుగా రాసుకోండి.

2. ‘ఒక్క’ పట్టకపోతే వేరే మాట వెతకండి

తొందరపడి ఓన్లీ పెట్టేసి, తర్వాత దిద్దుకోవచ్చులే అనుకోవద్దు. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ ఈ మెట్టు దగ్గరే జరిగాయి.

- “ఇక్కడే ఉన్నాను”: “ఐ ఆమ్ రైట్ హియర్.”
- “నేనే చేశాను” (ఇంకొకరి సాయం లేకుండా): “ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్.”
- “నేనే చేశాను” (చేసిందెవరని అడిగితే ఒప్పుకోవడం): “ఇట్ వజ్ మీ.”
- “అదే బస్సు”: “ద సేమ్ బస్.”
- “ఇప్పుడే వచ్చాను”: “ఐ హావ్ జస్ట్ కమ్.”
- “చూడగానే గుర్తుపట్టాను”: “ఐ నో”తో మొదలుపెట్టకండి. “ఐ రికగ్నైజ్డ్ హిమ్ ఆజ్ సూన్ ఆజ్ ఐ సా హిమ్.”
- “నిజమే”: “దట్స్ ట్రూ.” ఇక్కడ ‘ఏ’కి ఇంగ్లీషులో మాటే అక్కర్లేదు.
- “ఒకటే వాన”: ఇందులో ఒకటి ఉన్నా ఓన్లీ రాదు. “ఇట్ రెయిన్డ్ నాన్‌స్టాప్.” ‘ఒకటే నవ్వు’, ‘ఒకటే ఏడుపు’ కూడా ఇంతే.

ఈ పట్టికను పుస్తకంలో రాసుకుని, మీ నోట తరచూ వచ్చే వాక్యాలు కింద కలుపుకోండి.

ఇక్కడ చాలామంది నన్నడిగేది ఇంకోటుంది: “మాస్టారూ, ‘ఐ ఆమ్ ఫ్రమ్ శ్రీకాకుళం ఓన్లీ’ అంటే తప్పా?” మన మధ్య మాట్లాడుకుంటున్నప్పుడు తప్పని నేననను. చెప్పేవాడికీ వినేవాడికీ అర్థమవుతోంది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జనం నోట్లో ఉన్న భాషకు విలువివ్వాలని జీవితమంతా పోరాడారు. ఆ నేల మీద పుట్టి, పదిమంది ఆడే మాటను హేళన చేయడం నాకు చేతకాదు. కానీ పరీక్షలో, అర్జీలో, ఒప్పందంలో, పరాయి దేశం వాళ్లకు రాసే ఉత్తరంలో మాత్రం వాడకండి. అక్కడ అవతలివాడు దాన్ని ‘ఒక్క’ అనే చదువుతాడు.

3. ‘ఒక్క’ పడితే, దేనికి పడిందో దాని కింద గీత గీసి, దాని ముందు ఓన్లీ పెట్టండి

రంగు పెన్ను ఇప్పుడు తీయండి. ఈ వాక్యం రాసుకోండి:

“మై బ్రదర్ సెల్స్ కాష్యూస్ టు దిస్ షాప్.” మా తమ్ముడు ఈ కొట్టుకి జీడిపప్పు అమ్ముతాడు.

ఇప్పుడు ఓన్లీని ఒక్కో మాట ముందుకూ జరుపుతూ పోదాం.

“ఓన్లీ మై బ్రదర్ సెల్స్ కాష్యూస్ టు దిస్ షాప్.” మా తమ్ముడొక్కడే అమ్ముతాడు, వేరేవాళ్లు అమ్మరు.

“మై ఓన్లీ బ్రదర్ సెల్స్…” నాకున్న ఒక్కగానొక్క తమ్ముడు. ఇక్కడ ఓన్లీ క్రియావిశేషణం కాదు, విశేషణం అయిపోయింది. పరీక్షలో ఇది అడుగుతారు.

“మై బ్రదర్ సెల్స్ ఓన్లీ కాష్యూస్ టు దిస్ షాప్.” జీడిపప్పు ఒక్కటే, చింతపండు, బెల్లం అమ్మడు.

“మై బ్రదర్ సెల్స్ కాష్యూస్ ఓన్లీ టు దిస్ షాప్.” ఈ ఒక్క కొట్టుకే.

ఒకటి వదిలేశానని గమనించారా? “మై బ్రదర్ ఓన్లీ సెల్స్ కాష్యూస్ టు దిస్ షాప్.” అసలు గొడవంతా దీని దగ్గరుంది. పట్టి చదివితే, అమ్మడం ఒక్కటే చేస్తాడు, గింజ ఒలవడం, వేయించడం అతని పని కాదు అని. కానీ ఇంగ్లండ్‌లో మామూలుగా మాట్లాడుకునేవాళ్లు ఓన్లీని క్రియ ముందు పెట్టి, ఏ మాట మీద గొంతు నొక్కితే ఆ మాటకు అర్థం తగిలిస్తారు. ‘కాష్యూస్’ మీద నొక్కితే జీడిపప్పు ఒక్కటే, ‘దిస్’ మీద నొక్కితే ఈ కొట్టు ఒక్కటే. కాగితం మీద ఆ నొక్కు కనపడదు.

దీని మీద పండితులు 250 ఏళ్లకు పైగా వాదించుకున్నారు. 1760ల్లో ఇంగ్లీషు వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్, ఓన్లీ తను విశేషించే మాట పక్కనే ఉండాలన్నాడు. 1926లో వాడుక మీద పెద్ద నిఘంటువు వేసిన ఫౌలర్, సహజంగా పలికే చోట పెట్టినప్పుడు అర్థం చెడకపోతే దాన్ని తప్పు పట్టడం చాదస్తమన్నాడు. నా మటుకు నేను మాట్లాడేటప్పుడు ఫౌలర్‌నీ, రాసేటప్పుడు లౌత్‌నీ పట్టుకోమంటాను. మీరు రాసిన కాగితం వెనకాల మీ గొంతు వెళ్లదు కదా.

చివర పెట్టచ్చా అంటారు. పెట్టచ్చు, ‘ఒక్క’ అర్థం ఉన్నప్పుడు. “స్టాఫ్ ఓన్లీ”, “లేడీస్ ఓన్లీ”, “ఆన్ ట్యూస్‌డేస్ ఓన్లీ” ఇవన్నీ మంచి ఇంగ్లీషే. బోర్డులకీ నియమాలకీ ఆ చోటు బాగా నప్పుతుంది. “ఐ ఆమ్ హియర్ ఓన్లీ” చెడింది చివర పెట్టినందుకు కాదు, అందులో ‘ఒక్క’ లేనందుకు. ఈ తేడా తెలియక, చివర ఓన్లీ పెడితే తప్పని చాలామంది మాస్టర్లు కూడా చెప్పేస్తున్నారు.

చెక్కు సంగతి ఇక్కడే చెప్పాలి. “రూపీస్ ఫైవ్ థౌజండ్ ఓన్లీ” అని రాస్తాం, తెలుగు రసీదులో “అక్షరాలా అయిదువేల రూపాయలు మాత్రమే” అంటాం. ‘అయిదువేలేనా, పాపం’ అనే చిన్నచూపు అందులో లేదు. అది తలుపుకి గడియ. ఆ తర్వాత ఎవరూ ఇంకో మాట చేర్చి మొత్తం పెంచకుండా రాస్తాం. ఓన్లీ రాశాక మిగిలిన ఖాళీకి గీత కూడా గీయండి. అలాగే మాటల్లో రాసిన మొత్తానికీ ఓన్లీకీ మధ్య జాగా వదలకండి. జాగా ఉంటే గడియ వేసీ వేయనట్టే.

4. ‘తప్ప’ వాక్యాలను తిప్పి రాయండి

“నా దగ్గర పది రూపాయలు తప్ప లేవు.” తెలుగులో ‘లేవు’ ఉంది కాబట్టి ఇంగ్లీషులో ‘డోంట్’ వేసేస్తారు: “ఐ డోంట్ హావ్ ఓన్లీ టెన్ రూపీస్.” దీనర్థం తలకిందులైపోయింది. నా దగ్గర పది రూపాయలే కాదు, ఇంకా ఉన్నాయి అని.

చేయాల్సింది: ‘తప్ప… లేదు’ అనే జంటను ముందు ‘ఏ… ఉంది’గా మార్చండి. “పది రూపాయలే ఉన్నాయి.” అప్పుడు ఇంగ్లీషులోకి వెళ్లండి: “ఐ హావ్ ఓన్లీ టెన్ రూపీస్.” అప్పు అడగడానికి వెళ్లినప్పుడు మొదటి వాక్యం అన్నారంటే పని చెడుతుంది.

5. ఓన్లీతో వాక్యం మొదలైతే క్రియ వైపు చూడండి

ఇది పోటీ పరీక్షల్లో మార్కులు పోయే చోటు. “వాన ఆగాకే బస్సు కదిలింది.” దీన్ని “ఓన్లీ ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్” అని మొదలుపెట్టారనుకోండి, తర్వాత “ద బస్ మూవ్డ్” అని రాయకూడదు. “డిడ్ ద బస్ మూవ్” అని ప్రశ్నలో లాగా తిప్పాలి. చివర ప్రశ్న గుర్తు ఉండదు.

రెండు జాగ్రత్తలు. తిప్పేది రెండో భాగంలోని క్రియను. “ఓన్లీ ఆఫ్టర్ డిడ్ ద రెయిన్ స్టాప్” అని మొదటి భాగాన్ని తిప్పేవాళ్లున్నారు, అది తప్పు. రెండోది, ఓన్లీ కర్త మీదే ఉంటే అసలు తిప్పకూడదు: “ఓన్లీ మై బ్రదర్ కేమ్.” అంతే.

టెన్షన్ పడేవాళ్లకు సులువు దారి ఉంది. ఓన్లీని మొదట్లోంచి తీసి లోపలికి తెచ్చేయండి: “ద బస్ మూవ్డ్ ఓన్లీ ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్.” ఏ తిప్పుడూ లేదు, అర్థం అదే. అర్జీల్లో నేనెప్పుడూ ఇలాగే రాయిస్తాను.

6. ‘మాత్రమే’ కాని ఓన్లీలను గుర్తుపట్టండి

ఇంగ్లీషు చదివి తెలుగులోకి చెప్పేటప్పుడు ప్రతి ఓన్లీకీ ‘మాత్రమే’ అని పెట్టుకుంటూ పోతే వాక్యం చచ్చిపోతుంది. ఈ జతలకు మన భాషలో చక్కని మాటలున్నాయి, అవి వాడండి.

‘ఓన్లీ టు’. “హి రాన్ టు ద స్టేషన్, ఓన్లీ టు సీ ద ట్రెయిన్ లీవ్.” ఇది రైలు వెళ్లిపోవడం చూడడానికే పరిగెత్తాడని కాదు. ఆమదాలవలస స్టేషన్‌కి ఆయాసపడుతూ పరిగెత్తాడు, తీరా చూస్తే రైలు కదిలిపోతోంది. ఆ ‘తీరా’నే ఈ ఓన్లీ. నాకు తెలిసినంతలో ఇంతకంటే అతికే మాట ఇంకోటి లేదు.

వాక్యం మధ్యలో కామా తర్వాత వచ్చే ఓన్లీ. “ద హౌస్ ఈజ్ గుడ్, ఓన్లీ ద వెల్ ఈజ్ ఫార్.” ఇల్లు బాగుంది, కాకపోతే నుయ్యి దూరం. ‘కాకపోతే’ అనేయండి.

‘ఇఫ్ ఓన్లీ’, ‘ఓన్లీ ఇఫ్’. ఈ రెండూ ఒకటేననుకునేవాళ్లు చాలామంది. “ఐ విల్ కమ్ ఓన్లీ ఇఫ్ యు కమ్”, నువ్వొస్తేనే వస్తాను. ఇది షరతు. “ఇఫ్ ఓన్లీ యు హాడ్ కమ్!”, నువ్వొచ్చి ఉంటే ఎంత బాగుండేది! ఇది నిట్టూర్పు. ఒప్పంద పత్రంలో మొదటిదే ఉండాలి.

‘ఓన్లీ టూ’. “ఐ ఆమ్ ఓన్లీ టూ హ్యాపీ టు హెల్ప్” అంటే సంతోషం కొంచెమే అని కాదు. ఎంతో సంతోషంగా చేస్తానని.

‘నాట్ ఓన్లీ… బట్ ఆల్సో’కి అర్థం కష్టం కాదు, చోటే కష్టం. “పలాసలోనే కాదు, మందసలో కూడా” అన్నప్పుడు రెండు వైపులా ‘లో’ ఉంది చూడండి. ఇంగ్లీషులో కూడా రెండు వైపులా ఒకే రకం మాట రావాలి: “నాట్ ఓన్లీ ఇన్ పలాస బట్ ఆల్సో ఇన్ మందస.” ఒకవైపు ‘ఇన్’ పెట్టి రెండోవైపు వదిలేస్తే కావడికి ఒకవైపే కుండ కట్టినట్టుంటుంది.

ఇక ‘ద ఓన్లీ వన్’. పుట్టుక ప్రకారం ఇందులో ‘ఒకటి’ రెండుసార్లుంది. మనం ‘ఒకే ఒక్క’ అంటాం. వాళ్లూ రెండుసార్లే అన్నారు.

7. పాత పుస్తకంలో ఓన్లీ కనిపిస్తే

సాహిత్యం చదివే విద్యార్థులకూ, పాత కాగితాలు తిరగేసేవాళ్లకూ ఈ మెట్టు. మిగతావాళ్లు నేరుగా ఎనిమిదికి వెళ్లచ్చు.

ముందు కాలం చూసుకోండి. ఎంత పాతదో తెలియకుండా అర్థం చెప్పకండి.

పాత ఇంగ్లీషు నాటిదైతే, పైన చెప్పిన ‘ఆన్‌లీచ్’ కుటుంబం మాటలకు సాటిలేనిది, అందమైనది, శోభగలది అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఆశ్చర్యపడక్కర్లేదు. మనకూ ‘అద్వితీయం’ అంటే రెండోది లేనిది, అందుకే గొప్పది. ఒకటే ఉన్నదానికి విలువ కట్టడంలో అన్ని భాషలవాళ్లూ ఒకేలా ఆలోచించారు. ఆ గొప్ప అనే అర్థం ఇంగ్లీషులో నిలవలేదు, ‘ఒక్క’ మాత్రం మిగిలింది.

1611 నాటి జేమ్స్ రాజు బైబిల్లో మత్తయి 4:10 చూడండి. “హిమ్ ఓన్లీ షాల్ట్ దౌ సర్వ్” అని ఉంటుంది. ఓన్లీ ‘హిమ్’ తర్వాత వచ్చింది. తెలుగు బైబిల్లో అది “ఆయనను మాత్రము సేవింపవలెను”. చూశారా, మాట తర్వాత ఓన్లీ పెట్టడం మన దేశంలో పుట్టిన అలవాటు కాదు, ఇంగ్లీషులో నాలుగు వందల ఏళ్ల కిందటే ఉంది. కాకపోతే అక్కడ ‘ఒక్క’ అర్థం గట్టిగా ఉంది.

18, 19 శతాబ్దాల రచయితల్లో క్రియ ముందు ఓన్లీ కనిపిస్తే తప్పు రాశారని దిద్దకండి. వాళ్లకది మామూలు చోటు. వాక్యం మొత్తం చదివి, దేన్ని ఒక్కటి చేస్తున్నారో మీరే తేల్చుకోండి.

ఏ అర్థం ఎప్పటిదో కావాలంటే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ తీయాలి. 1884లో తొలి భాగం వచ్చి 1928కి పూర్తయిన ఆ నిఘంటువు, ప్రతి అర్థం కిందా ఏయే ఏడాది ఎవరెలా వాడారో వాక్యాలిస్తుంది. ఒక హెచ్చరిక: అందులో అర్థాలు పుట్టిన వరసలో ఉంటాయి. మొదట ఉన్నది ముఖ్యమైనదనుకుని రాసేసుకుంటారు పిల్లలు. అది అన్నిటికంటే పాతది, ఇప్పుడు వాడుకలో లేనిదైనా కావచ్చు. చదువుకునేవాళ్ల నిఘంటువుల్లో ఎక్కువగా వాడే అర్థం ముందుంటుంది. ఏది తీశారో చూసుకుని చదవండి.

సాధన చేయడానికి మన ఊరి సరుకే ఉంది. కన్యాశుల్కం 1897 ముద్రణకు గురజాడ ఇంగ్లీషులో ముందుమాట రాశారు. ఒక పేజీ తీసుకుని, ఓన్లీ కనిపించిన ప్రతిచోటా అది ఏ మాటను ఒక్కటి చేస్తోందో గీత గీయండి. అందులో ఓన్లీ దొరకని పేజీ వస్తే ఇంకో పేజీ తీయండి.

8. సరిచూసుకోవడం

మూడు రకాలుగా చూడాలి. తొందరలో ఉంటే మొదటిది ఒక్కటైనా చేయండి.

తీసేసి చూడండి. ఓన్లీని కొట్టేసి వాక్యం మళ్లీ చదవండి. అర్థం ఏమీ మారలేదంటే ఓన్లీ అక్కడ అనవసరం. “ఐ ఆమ్ హియర్ ఓన్లీ”లోంచి తీస్తే పోయిందేమీ లేదు. “ఓన్లీ మై మదర్ పెయిడ్”లోంచి తీస్తే అమ్మ హక్కే పోతుంది.

అడిగి చూడండి. పక్క మనిషికి వాక్యం చదివి, “ఇందులో ఎవర్ని, దేన్ని కాదంటున్నాను?” అని అడగండి. “ఏం చెప్పాను?” అని అడిగితే లాభం లేదు, వాళ్లు మర్యాదకి బాగుందంటారు. కాదన్నది ఏమిటో చెప్పగలిగితే మీ ఓన్లీ సరైన చోట ఉన్నట్టు.

విని చూడండి. ఫోన్‌లో రికార్డు చేసి, ఓన్లీ తర్వాత ఏ మాట మీద మీ గొంతు పడిందో వినండి. గొంతు పడిన మాటా, మీరు గీత గీసిన మాటా వేరైతే ఓన్లీని అక్కడికి జరపండి.

మీ వంతు

ఇవి ఇంగ్లీషులో రాయండి. జవాబులు కిందనే ఉన్నాయి, ముందు చూడకండి.

అ) సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారమే జరుగుతుంది. (వేరే రోజు జరగదు)
ఆ) మా అన్నయ్య కూడా ఈ కాలేజీలోనే చదివాడు.
ఇ) పొందూరు వెళ్లాం, తీరా చూస్తే కొట్టు మూసేసి ఉంది.
ఈ) అరసవల్లి గుడికి నేను ఒక్కసారే వెళ్లాను.
ఉ) సంతకం మీరే పెట్టాలి. (మీ బదులు ఇంకొకరు పెట్టకూడదు)

అ) “ద ఫెస్టివల్ ఈజ్ హెల్డ్ ఓన్లీ ఆన్ ద ట్యూస్‌డే ఆఫ్టర్ దసరా.” ‘ఆన్’ ముందు పెట్టాం, మంగళవారానికి గీత పడింది కాబట్టి.

ఆ) “మై బ్రదర్ స్టడీడ్ ఎట్ ద సేమ్ కాలేజ్ టూ.” ‘కూడా’ ఉన్నచోట ‘ఒక్క’ పట్టదు. ఓన్లీ పెట్టినవాళ్లు రెండో మెట్టు మళ్లీ చదవండి.

ఇ) “వి వెంట్ టు పొందూరు, ఓన్లీ టు ఫైండ్ ద షాప్ క్లోజ్డ్.”

ఈ) “ఐ హావ్ బీన్ టు ద అరసవల్లి టెంపుల్ ఓన్లీ వన్స్.” మాట్లాడేటప్పుడు “ఐ హావ్ ఓన్లీ బీన్… వన్స్” అన్నా ఎవరూ తప్పు పట్టరు.

ఉ) దీని దగ్గర ఆగి ఆలోచించండి. “ఓన్లీ యు కెన్ సైన్” అన్నా సరిపోతుంది. “యు మస్ట్ సైన్ ఇట్ యువర్‌సెల్ఫ్” అంటే ఇంకా మెరుగు, పెట్టి తీరాలన్న ‘మస్ట్’ కూడా అందులో ఉంది. “యు ఓన్లీ సైన్” అని రాస్తే మాత్రం, మీరు సంతకం పెట్టండి చాలు, చదవక్కర్లేదు అని అవతలివాళ్లకు వినపడుతుంది. పత్రం మీద సంతకం పెట్టించేటప్పుడు ఆ వాక్యం కనిపిస్తే పెన్ను కింద పెట్టి, ముందు దాన్ని దిద్దించండి.